దమ్మిడీ పిచ్చుక

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని మనవాళ్ళు ఒక సామెత చెబుతూ వుంటారు. అల్పుడి మీద బలవంతుడు విరుచుకుపడినప్పుడు మనమూ ఆ మాట వాడేస్తాం. అయితే బ్రహ్మాస్త్రం పడ్డాక ఆ పిచ్చుక ఏం చేసిందో సామెత చెప్పదు. చెప్పిన పుస్తకం ఒకటుంది. పేరు “సోల్డ్ ఫర్ ఎ ఫార్దింగ్”. రాసినావిడ క్లేర్ కిప్స్. ఇంగ్లండులో 1953లో అచ్చయింది.

ఫార్దింగ్ అంటే పెన్నీలో నాలుగోవంతు. మన పాత లెక్కల్లో దమ్మిడీ అనుకోండి. రెండు పిచ్చుకలు కలిపి ఒక కాసు ఖరీదు చేస్తాయన్న ప్రస్తావన బైబిల్లో మత్తయి సువార్తలో వస్తుంది. పుస్తకం పేరు అక్కడినుంచి వచ్చింది. అంటే మన కథానాయకుడి వెల అర దమ్మిడీ అన్నమాట! ఆ అర దమ్మిడీ ప్రాణి జీవితచరిత్రకు జూలియన్ హక్స్లీ అంతటివాడు ముందుమాట రాశాడు. ఆయన పేరుపొందిన జీవశాస్త్రవేత్త, యునెస్కోకి మొట్టమొదటి డైరెక్టర్ జనరల్.

కథ చెప్పాలంటే నాలుగు వాక్యాలు చాలు. కిప్స్ ఒక వితంతువు. పియానో వాయిస్తుంది. లండన్ శివారు బ్రామ్లీలో వొంటరిగా వుంటూ, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వైమానిక దాడుల వార్డెనుగా పనిచేసింది. 1940 జులై 1న డ్యూటీ ముగించుకుని ఇంటికొస్తే, గుమ్మం ముందు అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిచ్చుకపిల్ల పడివుంది. వొంటిమీద ఈక లేదు, కళ్ళు తెరవలేదు, ప్రాణం వుందో లేదో తెలియదు. ఆవిడ దాన్ని వెచ్చటి ఫ్లానెల్ గుడ్డలో చుట్టి, వంటింటి పొయ్యి దగ్గర కూచుని, నోరు తెరిపించి కొద్ది నిమిషాలకొక చుక్క చొప్పున గోరువెచ్చని పాలు పోసింది. తెల్లవారేసరికి పిల్ల ఆకలికి కూస్తోంది. అలా బతికిన పిచ్చుక 1952 ఆగస్టు 23 దాకా, అంటే పన్నెండేళ్ళ ఏడు వారాల నాలుగు రోజులు, ఆవిడతోనే వుంది. బయటి పిచ్చుకల్లో చాలామటుకు రెండు మూడేళ్ళకు మించి బతకవు. లోకానికి అది క్లారెన్స్ అనే పేరుతో తెలిసింది.

ఇంతే. ప్రేమకథ లేదు, దుర్మార్గుడు లేడు, పతాక సన్నివేశం లేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక మొదలుపెడితే కాఫీ వేళకి పూర్తయిపోయే చిన్న పుస్తకం. అయినా పెంపుడు పక్షుల మీద వచ్చిన రచనల్లో దీన్ని ముందు వరసలో కూచోబెట్టాలని నా వాదన. అలాగని పుస్తకంలో చెప్పినవన్నీ నమ్మి ఆచరించమని కాదు. వొకటి రెండు విషయాల్లో ఆవిడతో గట్టిగా పేచీ పెట్టుకోవలసి వుంది. ముందు మంచి సంగతులు చూద్దాం.

యుద్ధకాలంలో ఈ పిచ్చుకకు పేరు తెచ్చినవి దాని ఆటలు. బాంబులకి ఇళ్ళు కోల్పోయిన జనం తలదాచుకున్న చోట్లకి కిప్స్ దాన్ని తీసుకెళ్ళేది. ఏడుస్తున్న పిల్లలు దాని ఆటలు చూసి నవ్వేవారట. తలపిన్ను ఒక చివర ఆవిడ పట్టుకుంటే రెండో చివర అది ముక్కుతో పట్టి లాగేది. పేకముక్క ఇస్తే ముక్కుతో పట్టుకుని గుండ్రంగా తిప్పేది. అన్నిటికన్నా జనం మెచ్చింది మూడో ఆట. ఆవిడ రెండు చేతులూ దోసిలిగా ముడిచి, సైరన్ మోగిందని చెప్పగానే, అది పరుగున వచ్చి ఆ దోసిలిలో దూరి కదలకుండా కూచునేది. కాసేపటికి ప్రమాదం తప్పిందా లేదా అన్నట్టు తల బయటికి పెట్టి చూసేది.

ఇలాంటివి చదవగానే “ఎంత బాగా తర్ఫీదు ఇచ్చిందమ్మా!” అనిపిస్తుంది. కాని కాస్త ఆగి ఆలోచించండి. ఈ మూడు ఆటల్లో పిచ్చుకకి రానిది ఏముంది? గూటికోసం గడ్డిపరకనీ పీచునీ పట్టి లాగడం పిచ్చుకకి పుట్టుకతో వచ్చిన విద్య. దొరికినదాన్ని ముక్కుతో అటూ ఇటూ తిప్పి చూడడమూ అంతే. ఇక దోసిలి సంగతి. ఊరపిచ్చుక గోడకన్నాల్లో, చూరు సందుల్లో, పటాల వెనకాల గూడు పెట్టే జాతి. చీకటిగా, వెచ్చగా, ఇరుగ్గా వుండే చోటు దానికి ప్రాణం. మనిషి దోసిలి దానికి గోడకన్నంలా కనిపించి వుంటుంది. కిప్స్ చేసిందల్లా అది తనంత తాను చేసే పనిని గమనించి, దానికొక సమయం, ఒక మాట, ఒక నవ్వు జతచేయడం. లాగేదాన్ని లాగనిచ్చింది. దాక్కునేదానికి దాక్కునే చోటు ఇచ్చింది.

తర్ఫీదు అనే మాటకు ఇంతకన్నా మంచి అర్థం నాకు తోచదు. మన ఇళ్ళల్లో ఒకప్పుడు చిలకకి మాటలు నేర్పిన తీరు దీనికి పూర్తిగా తలకిందులు. రెక్కలు కత్తిరించి, జానెడు పంజరంలో పెట్టి, పొద్దున్నా సాయంత్రం పంజరం ముందు నిలబడి “రామ రామ అను, చుట్టాలొచ్చారు అను” అని ప్రాణం తీసేవాళ్ళు. చిలక ఆ మాట అన్నరోజు ఇంటిల్లిపాదికీ పండగ. చిలకకి ఆ మాటతో పనేమిటో ఎవరికీ పట్టదు. (ఇప్పుడు రామచిలకని పంజరంలో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అయినా వీధుల్లో అమ్ముతున్నారు, కొంటున్నారు. అది వేరే బాధ.) రవీంద్రనాథ్ టాగోర్ “తోతాకాహిని” అనే కథలో ఈ వ్యవహారాన్నంతా ఏకి పారేశాడు. రాజుగారు ఒక పిట్టకి చదువు చెప్పించమంటారు. బంగారు పంజరం వస్తుంది, పండితులొస్తారు, పుస్తకాల కట్టలొస్తాయి. ఆ కాగితాలు గొంతులో కుక్కీ కుక్కీ చివరకి పిట్ట చచ్చిపోతుంది. టాగోర్ కోపం మన బళ్ళ మీదే కాని పిట్టల మీద కాదనుకోండి. అయినా పిట్టని పెంచేవాళ్ళూ పిల్లల్ని పెంచేవాళ్ళూ కూడా ఆ కథ పక్కన కిప్స్ పుస్తకాన్ని పెట్టుకుని చదవాలి. ఒకటి చదువు చెప్పడం ఎలా చేయకూడదో చెబుతుంది. రెండోది ఏమీ చెప్పినట్టు కనిపించకుండానే ఎలా చేయాలో చెబుతుంది.

పుస్తకంలో పెద్దలకు, శాస్త్రవేత్తలకు కూడా ఆశ్చర్యం కలిగించిన విషయం దీని పాట. ఊరపిచ్చుకకి పాట రాదని మనందరికీ తెలుసు. కిచకిచలు తప్ప మరేం వుండవు. కాని కిప్స్ పియానో వాయిస్తుంటే వింటూ పెరిగిన ఈ పిచ్చుక గమకాలతో, పైస్థాయి స్వరాలతో ఒకలాంటి పాట కట్టుకుంది. ఇదంతా ఆవిడ ముద్దుకొద్దీ చేసిన కల్పన అని కొట్టిపారేయడానికి వీల్లేదు. 1773లోనే డెయిన్స్ బారింగ్టన్ అనే ఇంగ్లీషాయన ఊరపిచ్చుక పిల్లని తెచ్చి లిన్నెట్ అనే పాటపిట్ట దగ్గర పెంచాడు. అది పెద్దయ్యాక లిన్నెట్ పాటనీ, చెవినపడ్డ గోల్డ్‌ఫించ్ పాటనీ కలిపి పాడిందని ఆయన రాసిపెట్టాడు. పాడే పక్షుల జాతుల్లో పిల్ల తన చిన్నతనంలో విన్నదాన్నే నేర్చుకుంటుంది. చుట్టూ పిచ్చుకలుంటే కిచకిచలు, పియానో వుంటే పియానో. మన పిల్లలు మన ఇంట్లో మాటలే నేర్చినట్టు.

ఈ మాట రాస్తుంటే సంతోషంతోపాటు కాస్త గుబులు కూడా కలుగుతుంది. పియానో పాట నేర్చిన పిచ్చుక పాట మరో పిచ్చుకకి అర్థమవుతుందా? చేత్తో పెంచిన ప్రతి పక్షి కథలోనూ ఈ ప్రశ్న వుంది. దీన్ని సూటిగా ఎదుర్కొన్న పుస్తకం కొన్రాడ్ లోరెంజ్ రాసిన “కింగ్ సాలమన్స్ రింగ్”. జర్మన్ భాషలో 1949లో, ఇంగ్లీషులో 1952లో వచ్చింది. లోరెంజ్ ఆస్ట్రియా దేశస్థుడు, 1973లో నోబెల్ బహుమతి పంచుకున్నవాడు. ఆయన ఒకరోజు దుకాణంలో కాకిజాతి పిట్ట పిల్లని చూశాడు. అది జాక్‌డా అనే పక్షి. ఆకలితో ఇంత నోరు తెరుచుకుని వున్న దాన్ని చూసి, ఆ నోట్లో తిండి పెట్టాలన్న కోరిక ఆపుకోలేక కొన్నాడు. ఎంత మనిషి మాట! ఆకలన్న నోరు చూసి ఆగలేకపోవడం మన అమ్మమ్మలకీ తెలిసిన జబ్బే.

తరవాత ఆయన కనిపెట్టినదేమిటంటే, చేత్తో పెంచిన పక్షికి తాను పక్షినని తెలియకపోవచ్చు. కళ్ళు తెరిచిన తొలిరోజుల్లో తనకి తిండిపెట్టి వెచ్చగా వుంచినవాళ్ళ ముద్ర దాని మనసులో పడిపోతుంది. వాళ్ళే తల్లి, వాళ్ళే జాతి. పెద్దయ్యాక జతకోసం కూడా వాళ్ళనే వెతుక్కుంటుంది. లోరెంజ్ మీద మనసుపడ్డ ఒక మగ జాక్‌డా, తన జాతి ఆచారం ప్రకారం నమిలిన పురుగుల ముద్ద తెచ్చి ఆయనకి తినిపించబోయేది. ఆయన నోరు మూసుకుంటే ఆ ముద్ద తిన్నగా చెవిలో కుక్కేది! చదువుతూ పడీపడీ నవ్వుతాం. నవ్వు ఆగాక మాత్రం మనసు బరువెక్కుతుంది. ఆ పక్షి వెటకారం చేయలేదు, తన ప్రేమంతా తెచ్చి అక్కడ పోసింది. దానికి తెలియనిదల్లా అవతల వున్నది పక్షి కాదని.

లోరెంజ్ ఈ సంగతి శాస్త్రంగా చెప్పాడు, హాస్యంగా చెప్పాడు. ఆయన రచనలో తెలివి మెరుస్తుంది. కిప్స్ దగ్గర ఆ తెలివి లేదు. కాని లోరెంజ్‌లో లేనిది ఆవిడలో ఒకటుంది. అది లెక్క చూసుకోవడం. ఆయన పుస్తకంలో పక్షులు వస్తాయి, ఒక చిత్రమైన సత్యం చెప్పి వెళ్ళిపోతాయి. కిప్స్ పుస్తకంలో ఒక్కటే పక్షి పన్నెండేళ్ళు వుంటుంది. పొద్దున దాని తిండి, మధ్యాహ్నం దాని స్నానం, రాత్రి దాని పడక. ఈ చాకిరీ అంతా పుస్తకంలో వుంది. ప్రేమకి దినచర్య అనే రెండో పేరుందని ఇల్లు నడిపే ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు కదా!

అదే ముందుమాటల హక్స్లీ, 1952లో మరో ఆడమనిషి పుస్తకానికి కూడా ముందుమాట రాశాడు. ఆవిడ లెన్ హోవర్డ్. చిత్రమేమిటంటే ఆవిడా సంగీతజ్ఞురాలే. లండన్ వాద్యబృందాల్లో వాయించిన మనిషి, అన్నీ వదిలేసి ససెక్స్‌లోని డిచ్లింగ్ అనే పల్లెకు పోయి చిన్న ఇల్లు కట్టుకుంది. కిటికీలు తెరిచి పెట్టింది. చుట్టుపక్కల పిట్టలు లోపలికొచ్చాయి. అల్మారాల మీద పడుకున్నాయి, బల్లమీద గింజలు తిన్నాయి, ఇష్టమైనప్పుడు వెళ్ళిపోయాయి. వాటిని బెదిరిస్తారని మనుషుల్నే ఇంటికి రానిచ్చేది కాదు. ఆవిడ “బర్డ్స్ యాజ్ ఇండివిడ్యువల్స్” రాసింది. ప్రతి పిట్టకీ వేరే బుద్ధి, వేరే మనసు వుంటాయన్నది ఆవిడ సిద్ధాంతం. స్టార్ అని పేరు పెట్టిన ఒక ఆడపిట్ట, ఆవిడ అడిగినన్నిసార్లు ముక్కుతో తట్టేదని కూడా రాసింది.

కిప్స్, హోవర్డ్ ఇద్దరి పుస్తకాలూ పక్కపక్కన చదివితే ఒక తగువు కనిపిస్తుంది. హోవర్డ్ పక్షులు స్వేచ్ఛగా వచ్చినవి. కిప్స్ పక్షి మనిషి చేతిలో కళ్ళు తెరిచింది, వెళ్ళడానికి దానికి ఇంకో చోటు లేదు. మరి ఏది నిజమైన చెలిమి? వెళ్ళగలిగీ తిరిగి వచ్చినదే చెలిమి, పోలేక వున్నది చెర అని చప్పున తీర్పు చెప్పేయాలనిపిస్తుంది. హోవర్డ్ పక్షాన నిలబడితే మనకి సుఖంగా కూడా వుంటుంది. తెరిచిన కిటికీ చాలా అందమైన దృశ్యం కదా!

కాని ఈ తీర్పులో ఒక సంగతి మరిచిపోతాం. కిప్స్ పిచ్చుకకి ఒక రెక్క సరిగా లేదు. కాలొకటి కూడా వంకర. అందుకే తల్లిదండ్రులు గూట్లోంచి తోసేసి వుంటాయని ఆవిడ అనుమానం. బయట వదిలితే రెండు రోజులు బతకదు. కిటికీ తెరిచి “పో, నీ ఇష్టం” అనడం దానికి స్వేచ్ఛ కాదు, మరణశిక్ష. ఎగిరిపోయే పిల్లని పెంచడం ఒక ఎత్తు. ఎన్నటికీ ఎగరలేని పిల్లని, నువ్వు లేకపోతే లేదు అని తెలిసీ పెంచడం మరొక ఎత్తు. అలాంటి పిల్లలున్న తల్లులు మన ఇళ్ళల్లో, మన వీధుల్లో వున్నారు. వాళ్ళెవరూ త్యాగాల గురించి మాట్లాడరు. రేపు దీనికి మందు వుందా, ఎల్లుండి నాకు జ్వరమొస్తే దీన్నెవరు చూస్తారు అన్నంతవరకే మాట్లాడతారు. కిప్స్ సరిగ్గా అలాగే రాసింది. పుస్తకంలో తన వైధవ్యం గురించి, తన వొంటరితనం గురించి ఆవిడ పెద్దగా మాట్లాడదు. ఆ స్థలమంతా పిచ్చుకకే ఇచ్చేసింది. చదివేవాళ్ళకి మాత్రం, బాంబుల మోత మధ్య ఆ ఇంట్లో ఎవరు ఎవరిని కాపాడుతున్నారో చెప్పడం కష్టమవుతుంది.

యుద్ధం మాట వచ్చింది కనుక ఇంకో మాట. లండన్ మీద వరసబెట్టి బాంబులు పడడం 1940 సెప్టెంబరు 7న మొదలైంది. ఆ సైరన్ మోత మనకేమీ కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపాను విమానాలు బాంబులు వేశాయి. ఆ కాలం కథలు పెద్దవాళ్ళ నోట విన్న ఇళ్ళు ఆ తీరం వెంబడి ఇంకా వున్నాయి. అంతటి భయాన్ని ఒక దోసిలిలో పట్టేంత ఆటగా మార్చి, ఇల్లు కూలిన పిల్లల ముందు ఆడించడం మామూలు విషయం కాదు. ఆ పిల్లలు నవ్వింది పిచ్చుక తెలివికి కాదనుకుంటాను. దాక్కున్నది మళ్ళీ తల బయటికి పెట్టిందే, దానికి నవ్వారు.

ఇక మన సాహిత్యం వైపు ఒకసారి చూద్దాం. పక్షులకి మన దగ్గర కొదవ లేదు. నలదమయంతుల మధ్య రాయబారం నడిపిన హంస శ్రీనాథుడి నైషధంలో వుంది. పింగళి సూరన “ప్రభావతీప్రద్యుమ్నం”లో శుచిముఖి అనే హంస వుంది. అంత చక్కగా మాట్లాడే దూతిక మనుషుల్లో కూడా దొరకదు. “శుకసప్తతి”లో చిలక రాత్రికొక కథ చెప్పి ఇల్లాలిని గుమ్మం దాటనివ్వదు. పాలవేకరి కదిరీపతి దాన్ని తెలుగు చేసి కావ్యం చేశాడు. ఇవన్నీ మహా పండితపక్షులు. కాని ఒక్క చోటైనా, ఆ చిలక పిల్లగా వున్నప్పుడు దానికి ఎవరు తిండిపెట్టారు, అది జబ్బుపడితే ఎవరు రాత్రంతా కూచున్నారు, పంజరం ఎవరు కడిగారు అని కవులు చెప్పలేదు. పక్షి మాట్లాడుతుంది, మనిషి వింటాడు. పక్షి మాట్లాడకుండా వున్నప్పుడు మనిషి ఏం చేయాలన్నది కావ్యవస్తువు కాలేదు. అది అంతఃపురంలో దాసీల పని కదా! కిప్స్ పుస్తకం సరిగ్గా ఆ దాసీల పని గురించి రాసిన కావ్యం.

ఇప్పుడు పేచీ సంగతి. మొదటిది పాలు. కిప్స్ పోసిన పాలచుక్కలతో ఆ పిల్ల బతికింది, అది దాని అదృష్టం. పక్షులకి పాలు అరగవు. పైగా నోట్లో పోసిన చుక్క గొంతు దాటి ఊపిరి దారిలోకి పోతే అంతే సంగతులు. పిచ్చుకలు తమ పిల్లలకి మొదట్లో పెట్టేది చిన్న చిన్న పురుగులు. ఈ పుస్తకం చదివిన ఉత్సాహంలో ఎవరైనా ఇంకుఫిల్లరుతో పాలు పట్టుకుని పెరట్లోకి వెళితే పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టవుతుంది.

రెండోది అంతకన్నా పెద్దది. కిందపడ్డ ప్రతి పిల్లా అనాథ అన్న భ్రమ ఇలాంటి పుస్తకాలవల్ల కలుగుతుంది. వొంటినిండా ఈకలొచ్చి, నేలమీద గెంతుతూ, ఎగరలేక అవస్థ పడుతున్న పిల్ల కనిపించిందనుకోండి. అది తప్పిపోలేదు, ఎగరడం నేర్చుకుంటోంది. తల్లీ తండ్రీ దగ్గర్లోనే వుండి, మనం పక్కకి తప్పుకుంటే తిండి పెట్టడానికి చూస్తుంటాయి. పిల్లుల బెడద వుంటే పక్కనున్న కొమ్మ మీదికి చేర్చడం తప్ప మనం చేయవలసింది ఏమీ లేదు. ఈకలు రాని పసిగుడ్డు పడితే, గూడు అందేలా వుంటే తిరిగి గూట్లో పెట్టేయడమే మంచిది. మనిషి చెయ్యి తగిలితే తల్లి మళ్ళీ దగ్గరికి రానివ్వదని మన పెద్దవాళ్ళు అంటారు. అది నిజం కాదు. వాసన చూసి పిల్లని వదిలేసే పిచ్చుకలు లేవు. ఈ మాట కిప్స్ చెప్పి వుండవలసింది. చెప్పలేదు. తన పిల్ల విషయంలో వేరే దారి లేకపోవచ్చు, కాని చదివేవాళ్ళకి ఆ తేడా విడమరిచి చెప్పకపోతే ఒక పక్షి మీది ప్రేమ పది పక్షుల పాలిట శాపమవుతుంది.

మూడోది రచనకి సంబంధించిన పేచీ. పిచ్చుక చేసే ప్రతి పనికీ వెనక ఒక మానవ భావం వుందని ఆవిడకి అనిపించేస్తుంది. అది అలిగింది, గర్వపడింది, జాలిపడింది అంటే, దానికి అలక వచ్చిందో ఆకలి వేసిందో మనకెలా తెలుస్తుంది? హక్స్లీ వంటివాళ్ళు ఇలాంటి పుస్తకాలని ఆదరించినది అందులోని పరిశీలన చూసి, వ్యాఖ్యానం చూసి కాదు. మనమూ చదివేటప్పుడు ఆ రెండూ వేరుచేసుకుంటూ చదవాలి. బియ్యంలో రాళ్ళేరినట్టు. ఆ మాత్రం ఓపిక పడితే మిగిలేది మేలురకం బియ్యమే.

భాష విషయంలో మనకి ఒక సుఖముంది. ఇంగ్లీషులో ఆవిడ పిచ్చుకని మగవాడిలా పిలుస్తుంది. తెలుగులో పిచ్చుక వ్యాకరణానికి “అది”. కాని ఇంట్లో పెంచుకున్న ప్రాణిని మనమెవరం “అది” అనం. “వాడు అన్నం తిన్నాడా?” అనే అడుగుతాం. ఈ పుస్తకాన్ని ఎవరైనా తెలుగు చేస్తే మొదటి పేజీల్లో “అది” అని మొదలుపెట్టి, పిల్ల మొదటిసారి కూసినచోట చప్పుడు చేయకుండా “వాడు” అని మార్చేయాలి. చదివేవాళ్ళెవరూ తప్పు పట్టరు.

పుస్తకంలో బంగారంలాంటి భాగం చివరిది. కుక్క గురించో పిల్లి గురించో రాసినవాళ్ళు సాధారణంగా వయసులోని చిలిపితనమంతా వర్ణించి, ముసలితనం ఒక పేరాలో తేల్చేసి, చావు దగ్గర మనచేత కంటతడి పెట్టించి వెళ్ళిపోతారు. కిప్స్ అలా చేయలేదు. క్లారెన్స్‌కి ముసలితనం వచ్చింది, పక్షవాతంలాంటిది వచ్చింది. వైద్యుడి సలహా మీద షాంపేన్ చుక్కలు పట్టిందన్నచోట నవ్వొస్తుంది. కాని అది తూలిపోతూ మళ్ళీ నిలబడడం నేర్చుకోవడం, పాత ఆటలు పోయి కొత్త పద్ధతులు వెతుక్కోవడం ఆవిడ తాపీగా, రోజూ చూసి రాసుకున్నట్టు రాసింది. చిన్నప్పుడు ఏ శ్రద్ధతో చూసిందో, ముసలితనంలోనూ అదే శ్రద్ధ. ఒక పిచ్చుక ముసలితనం మీద ఇంత శ్రద్ధ పెట్టిన పుస్తకం మరొకటి నా కంటపడలేదు. పిచ్చుకలకి ముసలితనం దాకా బతికే వీలు ఎక్కడుంది గనక! ఆ వీలు ఒకదానికి కలిగింది. అది ఎలా వుంటుందో చూసిన మనిషి చూసింది చూసినట్టు రాసింది. దీనికి శాస్త్రంలోనూ విలువ వుంది, సాహిత్యంలోనూ వుంది.

ఇంత చెప్పాక తూకం వేయక తప్పదు. పక్షిని ఎలా పెంచాలో తెలుసుకోవడానికి ఈ పుస్తకం పనికిరాదు. ఆ పనికి పశువైద్యుడో అటవీశాఖవారో కావాలి. పక్షుల మనసు గురించి సిద్ధాంతం కావాలంటే లోరెంజ్ వున్నాడు. స్వేచ్ఛగల పక్షులతో కాపురం చూడాలంటే హోవర్డ్ వుంది. కిప్స్ దగ్గర దొరికేది వేరు. మన చేతిలో పడ్డ ఒక ప్రాణికి మనం ఎంతవరకు బాకీ అన్న ప్రశ్నకి ఆవిడ చెప్పిన జవాబు ఒక్కటే. చివరిదాకా. దాన్ని నీతివాక్యంలా చెప్పకుండా, పన్నెండేళ్ళ దినచర్యగా చేసి చూపించింది.

మన ఊరపిచ్చుకా ఆ లండన్ పిచ్చుకా ఒకే జాతి. తేడా లేదు. చూరుకి వరికంకుల కుచ్చులు కట్టి వాటిని పిలిచిన ఇళ్ళు మనవి. ఇప్పుడు చూర్లు లేవు, అద్దాల కిటికీలకి కన్నాలు లేవు. 2010 నుంచి ఏటా మార్చి 20న పిచ్చుకల దినం జరుపుకుంటున్నారు. చెక్కగూళ్ళు కొని బాల్కనీలో కడుతున్నారు, మంచిదే. ఆ గూట్లోకి పిచ్చుక వస్తే చేత్తో పట్టుకోవాలని చూడకండి. గింజలు పెట్టి, నీళ్ళు పెట్టి, దూరంగా కుర్చీ వేసుకుని కూచోండి. చేతిలో ఈ పుస్తకం వుంటే మరీ మంచిది. అది చదువుతూ మధ్యమధ్య తలెత్తి చూస్తే, అర దమ్మిడీ ప్రాణి ఎంత హడావుడిగా కాపురం చేసుకుంటోందో తెలుస్తుంది.